నొప్పి కాలిదా... బూటుదా?

మా అబ్బాయి ఇంజనీరింగుకి హైదరాబాదు వెళ్తూ గుమ్మం పక్కన ఒక జత రన్నింగ్ షూస్ వదిలేసి వెళ్లాడు. పైకి కొత్తవాటిలాగే ఉన్నాయి. పారేయడానికి మనసొప్పుతుందా? రెండు జతల మేజోళ్లు తొడిగితే నాకు సరిపోయాయి కూడా! అలా మొదలైంది నలభై నాలుగో ఏట, అమలాపురంలో కాలవగట్టు మీద నా పరుగు. మొదట నడక, తరవాత నాలుగడుగుల పరుగు, ఆర్నెల్లు తిరిగేసరికి రోజుకి అయిదు కిలోమీటర్లు.

అప్పుడు పట్టుకుంది నొప్పి. మోకాలి కింద, ముందెముక లోపలి అంచు పొడుగునా సలుపు. మొదట్లో పరుగు మొదలెట్టగానే వచ్చి కాసేపటికి సర్దుకునేది. పోనుపోను మేడ మెట్లు దిగుతున్నా ప్రాణం తీసేది. ఇంట్లో తలోమాట. "ఈ వయసులో పరుగులేవిటే?" అని అత్తయ్యగారు. "కాల్షియం మాత్రలు వేసుకో" అని మావారు. నూనె రాశాను, కాపడం పెట్టాను. బూట్ల వంక మాత్రం ఒక్కరూ చూడలేదు, నాతో సహా.

చూసింది గడియారస్తంభం దగ్గర చెప్పులు కుట్టే ఆయన. మడమ దగ్గర అరిగింది కదా, కొత్త అడుగు వేయిద్దామని తీసికెళ్లాను. బొటనవేలితో నొక్కి చూశాడు. "అడుగు ఏసేత్తానండి. లోపల మెత్త సచ్చిపోయిందండి. దానికి నేనేం సెయ్యలేనండి, ఆయ్!" అని తిరిగి చేతిలో పెట్టేశాడు.

ఆ మెత్త సంగతి తరవాత ఫిజియోథెరపిస్టు గారు విడమరిచి చెప్పారు. నేలకి తగిలే రబ్బరుకీ మన పాదానికీ మధ్య దళసరి పొర ఉంటుంది చూడండి, అదే మిడ్‌సోల్. చాలా షూస్‌లో ఈవీఏ అనే నురుగు పదార్థంతో చేస్తారు, నిండా సన్నటి గాలి బుడగలు. పరుగులో ప్రతి అడుగుకీ మన బరువుకి రెండు మూడు రెట్ల బలం పడుతుంది. నలిగి నలిగి ఆ నురుగు మళ్లీ పొంగడం మానేస్తుంది. కింద రబ్బరు బాగానే కనబడుతుంది, అదే మోసం! మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుందని లెక్క. రోజుకి అయిదు చొప్పున వారానికి అయిదు రోజులంటే అయిదారు నెలల్లోనే 500 దాటేస్తాం. నావి వాడు అప్పటికే రెండేళ్లు తొక్కినవి.

మీవీ ఓసారి బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి. ఒకటి పక్కకి ఒరిగిందా? మిడ్‌సోల్ అంచున ముడతలు పడ్డాయా?

తప్పంతా బూటుదే అనను. ఒక్క నెలలో దూరం రెట్టింపు చేసింది నేనే. పైగా మన రోడ్లు నడుమ ఎత్తు, అంచులు వాలు. రోజూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలికే శిక్ష. "మా అమ్మమ్మ చెప్పుల్లేకుండానే తిరిగింది కదా" అంటారేమో. నిజమే, ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో వట్టికాళ్లతోనే మారథాన్ గెలిచాడు. కానీ ఆ కాళ్లకి అది అలవాటు. 1964లో టోక్యోలో ఆయనే బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు!

ఒక్క జాగ్రత్త. వేలితో చూపించగలిగేలా ఒక్కచోటే పోటు పెడుతున్నా, రాత్రి పడుకున్నా తగ్గకపోయినా ఎముకలో సన్నటి పగులు కావచ్చు. వెంటనే పరుగు ఆపి డాక్టరుకి చూపించుకోవాలి. నెలసరి తప్పుతున్నవాళ్లు మరీనూ, ఎముక బలం తగ్గి ఉండొచ్చు.

నేను మూడు వారాలు పరుగు మానేసి, పిక్కల వ్యాయామాలు చేసి, రాజమండ్రి వెళ్లి కొత్తవి కొన్నాను. సాయంత్రం వెళ్లమన్నారు, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయట. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ చూసుకున్నాను. ధర విని గుండె గుభేలుమంది. చీరకైతే ఇంత ఆలోచించేదాన్నా? కొన్న తేదీ లోపలి అట్ట కింద పెన్నుతో రాసుకున్నాను. మన వానలకి తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకుండా న్యూసుపేపరు కుక్కి ఆరబెడుతున్నాను.

మొన్న మావాడు ఫోన్ చేశాడు. "అమ్మా, నా పాత షూస్ ఉన్నాయా? పండక్కొస్తే క్రికెట్ ఆడుకుంటా" అని. అవి వేసుకుని వాళ్ల నాన్న పెరట్లో కొబ్బరి మొక్కలకి పాదులు తీస్తున్నారని చెప్పాను.