జూదానికి ఆతిథ్యం

అతిథిని గౌరవించడం విశ్వాసానికి చిహ్నమని దైవప్రవక్త (స) బోధించారు. అందుకే ముస్లిం గృహానికి వచ్చినవారిని టీ అయినా ఇవ్వకుండా పంపరు. అయితే సెలవు రోజులలో మిత్రులు ఒక ఇంట చేరి తెల్లవార్లూ డబ్బు పెట్టి పేకాడటం మన పట్టణాలలో కనబడుతూనే ఉంది. ఇంటివారు ముక్క పట్టకపోయినా టీలు, పలహారాలు, బిర్యానీ అందిస్తూ ఉంటారు. "మేము పందెం కాయలేదు, అన్నం పెట్టామంతే" అంటారు. ఈ సమాధానం నిలుస్తుందా?

దివ్యఖుర్‌ఆన్ జూదాన్ని "మైసిర్" అన్నది. అజ్ఞానకాలపు అరబ్బులలో ఈ మైసిర్ విందుతో ముడిపడిన ఆటే. ఒంటెను కోసి మాంసానికి బాణాలతో చీట్లు తీసేవారు. పది బాణాలలో ఏడింటికి ఒకటి మొదలు ఏడు వరకు వాటాలుండేవి. మూడింటికి ఏమీ లేదు. ఓడినవారు ఒంటె వెల చెల్లించేవారు. గెలిచినవారు మాంసాన్ని పేదలకు పంచి, దానిని తమ ఔదార్యంగా చెప్పుకొని గర్వించేవారు. ఆకలిగొన్నవారి కడుపు నిండిన మాట నిజమే. బఖరా సూరా 219వ ఆయత్ మద్యంలోను, జూదంలోను కొంత ప్రయోజనమున్నదని అంగీకరిస్తూనే, వాటి పాపం అంతకంటే పెద్దదని తేల్చింది. తరువాత మాయిదా సూరా 90, 91 ఆయత్‌లు రెండింటినీ నిషేధించి కారణం కూడా తెలిపాయి: అవి పరస్పర వైరం రేపుతాయి, దైవస్మరణ నుండి, నమాజు నుండి మరలిస్తాయి. పేదలకు అన్నం పెట్టిన జూదమే ధర్మసమ్మతం కాలేదు. ఇక మిత్రులకు బిర్యానీ పెట్టిన జూదం ఎలా అవుతుంది?

అదే సూరా 2వ ఆయత్ పాపకార్యంలో సహకరించవద్దని ఆదేశిస్తున్నది. మద్యం విషయంలో త్రాగేవానితో పాటు పోసేవాడు, మోసేవాడు కూడా శాపగ్రస్తులేనని అబూదావూద్ హదీసు. జూదమాడుదాం రమ్మని నోటితో పిలిచినవాడే ప్రాయశ్చిత్తంగా దానం చేయాలని బుఖారీ, ముస్లిం హదీసు. చోటిచ్చి, రాత్రంతా ఆట సాగేలా సరఫరా చేసినవాని సంగతి వేరే చెప్పాలా? ప్రతి ఆటలోంచి కొంత తీసి ఖర్చులకు ఉంచుకుంటే, ఆ సొమ్ము కూడా జూదపు సొమ్మే.

1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పరిగణించిందని కొందరు వాదిస్తారు. అది జూద చట్టానికి సంబంధించిన తీర్పు. ఆటగాళ్ళందరూ సొమ్ము ఒడ్డి, ఓడినవాని సొమ్ము గెలిచినవానికి చేరితే షరీఅత్ దృష్టిలో అది జూదమే.

ఇక్కడ ఇల్లాలి మాట కూడా చెప్పుకోవాలి. పిలిచేది భర్త, అర్ధరాత్రి దాటాక కూడా పొయ్యి దగ్గర నిలబడేది ఆమె. కాదంటే మర్యాద తెలియనిదంటారేమోనని భయం. సృష్టికర్తకు అవిధేయమైన పనిలో ఎవరికీ విధేయత చూపనక్కరలేదని ప్రవక్త (స) బోధ. కనుక ఆమె మృదువుగా నిరాకరిస్తే అది అవిధేయత కాదు.

మిత్రులతో తెగతెంపులు చేసుకోమని దీని అర్థం కాదు. మనిషికి అన్నం పెట్టడం పుణ్యం. ఆటకు అన్నం పెట్టడం పాపంలో భాగం. ఇషా నమాజు తరువాత వారిని భోజనానికి పిలవండి, కడుపారా వడ్డించండి, కబుర్లు చెప్పుకోండి. పేక బయటికి వస్తే, "మా ఇంట ఇది వద్దు భాయీ" అని చిరునవ్వుతో చెప్పండి. నిజమైన మిత్రుడు మళ్ళీ వస్తాడు. ఫజ్ర్ నమాజుకు అందరూ మేలుకోగలుగుతారు.

అల్లాహ్ మన ఇండ్లను శుభప్రదం చేయుగాక!