మరులుతీగ తొక్కిన రాత్రి

పెద్దలు చూసిన సంబంధం కాదని కుర్రవాడు తనకు నచ్చిన పిల్లను చేసుకుంటానంటే, ఇంట్లో ముందుగా వినబడే మాట ఒకటున్నది: "మావాడికి ఎవరో మందు పెట్టారమ్మా!" అదే కుర్రవాడు పెద్దలు చూపిన పిల్లను చూసి మురిసిపోతే మందు మాట ఎవరూ ఎత్తరు, "మావాడు బుద్ధిమంతుడు" అంటారు. ఈ ధోరణి మన ఇళ్ళకే ప్రత్యేకమనుకోనక్కరలేదు. 1595-96 ప్రాంతంలో షేక్స్పియర్ వ్రాసిన "ఎ మిడ్ సమ్మర్ నైట్స్ డ్రీమ్" అనే ప్రహసనంలో, కథ మొదలవుతూనే ఒక తండ్రి సరిగ్గా ఇదే ఫిర్యాదుతో ఏలినవారి సముఖానికి వస్తాడు.

ఊరు ఏథెన్స్. ఏలిక థీసియస్. అతని పెళ్ళికి ఇంకా నాలుగు రోజులున్నది. ఈజియస్ అనే పెద్దమనిషి తన కూతురు హెర్మియాను వెంటబెట్టుకుని వచ్చి మొరపెట్టుకుంటాడు. తాను అల్లుడుగా ఎంచుకున్నది డెమెట్రియస్‌ను. పిల్ల మాత్రం లైసాండర్‌ను తప్ప చేసుకోనంటున్నది. ఆ లైసాండర్ వెన్నెల రాత్రుల్లో కిటికీ దగ్గర పాటలు పాడి, పద్యాలు వ్రాసి, ఉంగరాలూ మిఠాయిలూ ఇచ్చి పిల్లకు మంత్రం వేశాడట! తండ్రి మాట వినని కూతురికి ఆ ఊరి చట్టంలో మరణశిక్ష. కాదంటే, మగవాడి మొహం చూడకుండా జీవితాంతం డయానా దేవి సేవలో సన్యాసినిగా ఉండిపోవచ్చునంటాడు థీసియస్. చట్టాన్ని సడలించటం మాత్రం తన చేతిలో లేదంటాడు.

పోనీ, డెమెట్రియస్‌లో ఉన్న విశేషమేమిటి? కులంలోనూ కలిమిలోనూ లైసాండర్ అతనికి తీసిపోడు. పైగా ఈ డెమెట్రియస్ అంతకుముందు హెలెనా అనే పిల్లను ప్రేమించానని నమ్మించి వదిలేసినవాడు. ఆ సంగతి థీసియస్ చెవిని కూడా పడింది. అతణ్ణి పిలిచి అడుగుదామనుకుని, సొంత పనుల ధ్యాసలో మరచిపోయాడట!

లైసాండర్‌కు పిల్లలు లేని పిన్నమ్మ ఒకావిడ ఉన్నది. భర్త పోయినావిడ, కలిగినావిడ. ఏథెన్స్‌కు ఏడు ఆమడల దూరంలో ఉంటుంది. అక్కడికి ఈ చట్టం రాదు. ఆమె ఇంటికి పారిపోయి పెళ్ళి చేసుకుందామని ప్రేమికులిద్దరూ రాత్రివేళ అడవిదారి పట్టారు. చిన్ననాటి నేస్తమని హెలెనాకు చెప్పి మరీ బయలుదేరారు. ఆమె డెమెట్రియస్ మంచిమాట కోసం ఆశపడి ఆ రహస్యం అతనికి చెప్పేసింది. అతడు హెర్మియా కోసం, హెలెనా అతని కోసం అదే అడవిలోకి వచ్చారు.

అడవిలో ఇంకొక తగాదా నడుస్తున్నది. యక్షరాజు వంటి ఓబెరాన్‌కూ, అతని రాణి టిటానియాకూ ఒక పసివాడి కోసం పోట్లాట. రాణిగారి గర్వం అణచటానికి ఓబెరాన్ ఒక పువ్వు తెప్పించాడు. ఒకప్పుడు పాలవంటి తెల్లని పువ్వు. మన్మథుడి బాణం గురి తప్పి వచ్చి తగలటంతో ఊదారంగు తిరిగింది. నిద్రపోయేవారి రెప్పలకు దాని రసం పూస్తే, లేవగానే కంటబడిన ప్రాణిని ప్రేమిస్తారు. హెలెనాను డెమెట్రియస్ కసరికొట్టటం చూసి ఓబెరాన్‌కు జాలి కలిగింది. "ఏథెన్స్ దుస్తుల్లో ఉన్న కుర్రవాడి కళ్ళకు పూసిరా" అని పక్ అనే కొంటె సేవకుణ్ణి పంపాడు. ఆ దుస్తుల్లో ఇద్దరున్నారని పక్‌కు తెలియదు. లైసాండర్ కళ్ళకు పూశాడు.

లైసాండర్ లేచేసరికి ఎదుట హెలెనా! అంతే, హెర్మియాను అడవిలో ఒంటరిగా వదిలి ఆమె వెంట పడ్డాడు. దానికి అతడు చెప్పిన కారణం వినండి: ఇన్నాళ్ళూ పసితనమట, ఇప్పుడు తన వివేకం పండిందట! పొరపాటు దిద్దబోయి ఓబెరాన్ డెమెట్రియస్ కళ్ళకూ రసం పూశాడు. ఇక హెలెనా కోసం ఇద్దరు. అందరూ కలిసి తనను ఎగతాళి చేస్తున్నారని ఆమె ఏడుపు. ఒకే దిండు మీద కూర్చుని ఒకే గుడ్డ మీద పూలు కుట్టిన నేస్తాలిద్దరూ పొట్టి, పొడుగు అని తిట్టుకునేదాకా వచ్చింది. అవతల టిటానియా నిద్రలేచి, పక్ గాడిదతల తగిలించిన బాటమ్ అనే సాలెవాణ్ణి చూసి మోహించింది. మరులుతీగ తొక్కినవాడికి తిరిగిన చోటే తిరగటం తప్ప దారి దొరకదంటారు మన పెద్దలు. ఆ రాత్రి ఆ అడవి నిండా మరులుతీగే!

తెల్లవారే వేళకు లైసాండర్ కళ్ళకు విరుగుడు పూశారు. అతడు మళ్ళీ హెర్మియావాడయ్యాడు. డెమెట్రియస్ తనకు హెలెనాయే కావాలన్నాడు. ఈజియస్ ఎంత మొత్తుకున్నా థీసియస్ వినక, రెండు జంటలకూ తన పెళ్ళితోపాటే పెళ్ళి జరిపించాడు. హెర్మియా ప్రాణానికి తెగించి నిలబడితే కదలని చట్టం, డెమెట్రియస్ మనసు మారేసరికి కదిలింది.

ఒక వేసవి రాత్రి డాబా మీద పక్కలు వేసుకుని మా మేనత్తకు ఈ కథ చెప్పాను. అంతా విని, "మరి ఆ రెండో కుర్రవాడి కళ్ళు ఎప్పుడు కడిగారురా?" అన్నది.

"కడగలేదత్తయ్యా."

"కడక్కుండానే పెళ్ళి చేసేశారూ?"

చేసేశారు! నాటకం ముగిసేదాకా డెమెట్రియస్ కంటి రసం అలాగే ఉన్నది. ఎన్నిసార్లు చదివినా నాకు తట్టని సంగతి అది. 1842లో మెండెల్సన్ ఈ నాటకానికి సంగీతం కూర్చుతూ కట్టిన పెళ్ళిబాణీ 1858లో విక్టోరియా రాణి పెద్దకూతురి వివాహంలో మోగిన తరువాత దేశదేశాల పెళ్ళిళ్ళకు పాకింది. అంత మంగళవాద్యం వెనుక ఉన్న ముగ్గురు పెళ్ళికొడుకులలో ఒకడు మందులోనే ఉన్నాడన్నమాట.

అయితే డెమెట్రియస్ తన మాటగా చెప్పుకున్నది వేరు. హెర్మియా మీది మోజు మంచులా కరిగిందనీ, జబ్బులో సహించని అన్నం ఒళ్ళు కుదుటబడ్డాక రుచించినట్టు హెలెనా మీద మనసు తిరిగి వచ్చిందనీ అంటాడు. మొదట మాట ఇచ్చింది ఆమెకే గనుక అదీ నిజమే కావచ్చు. మందులో ఉన్నవాడి మాట గనుక కాకపోనూవచ్చు. ఒకటి మాత్రం స్పష్టం. హెర్మియా, హెలెనాల కళ్ళకు ఎవరూ ఏ రసమూ పూయలేదు. ఎవరిని కోరి అడవికి వచ్చారో తెల్లవారాక కూడా వారినే కోరారు. మంత్రం వేశారని తండ్రి సభకు ఈడ్చినది, ఏ మంత్రమూ సోకని పిల్లను!

ఈ మాటే అత్తయ్యతో అన్నాను. ఆమె ఆలోచన మరొకచోట ఉన్నది.

"ఆ పసివాడెవడన్నావు?"

ఆ పసివాడు మన దేశపు బిడ్డ. వాడి తల్లి టిటానియా భక్తురాలు, నేస్తం. సుగంధాలు వీచే ఇండియా గాలిలో, రాత్రివేళ సముద్రపు ఇసుకలో ఇద్దరూ కూర్చుని వచ్చేపోయే ఓడలను చూసి నవ్వుకునేవారు. ఆమె కాన్పులో కన్నుమూసింది. ఆమె కోసం బిడ్డను పెంచుతున్నాననీ, ఆమె కోసమే ఎవరికీ ఇవ్వననీ టిటానియా భర్తకు ఖండితంగా చెప్పింది. గాడిదతలవాడి మోహంలో పడిన తరువాత, ఓబెరాన్ అడిగీ అడగగానే ఇచ్చివేసింది. బిడ్డ చేతికి వచ్చాకనే అతడు ఆమె కళ్ళకు విరుగుడు పూశాడు. మెలకువ వచ్చిన రాణి గాడిదను చూసి రోసింది. బిడ్డ ఏడని అడిగినట్టు నాటకంలో లేదు.

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు.

"గాడిదతల చూసి నవ్వించి, చనిపోయినదాని బిడ్డను దాటించారన్నమాట," అన్నది చివరికి. "ఇంతకూ వాణ్ణి అడిగారా, ఎవరి దగ్గర ఉంటావని?"

వాడు నాటకంలో ఒక్క మాట కూడా మాట్లాడడు. అసలు షేక్స్పియర్ వ్రాసిన ఏ రంగంలోనూ వాడికి ప్రవేశమే లేదు.