అటక మీది పాత బ్యాంజో జపాన్‌దా, కలకత్తాదా? ధర ఎలా తేల్చాలి?

అండమాన్‌లో పాత వస్తువు ఏది బయటపడినా దానికి ‘జపానోళ్ల కాలం నాటిది’ అన్న మాట తగిలించడం తేలిక. 1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) దిగింది. 1945 అక్టోబర్‌లో లొంగిపోయింది. అటక మీద దొరికిన బ్యాంజోను కేవలం ఆ కథ నమ్మి కొంటే కొన్నవారి డబ్బు పోతుంది. ఏమీ చూడకుండా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే ఇచ్చినవారికి నష్టం.

ముందు తేల్చుకోవాల్సింది, అది ఏ బ్యాంజో అని. అమెరికన్ బ్యాంజోకు పొడవాటి మెడ, గుండ్రటి చట్రం మీద డప్పులా బిగించిన చర్మం లేదా ప్లాస్టిక్ పొర ఉంటాయి. మన దగ్గర చాలామంది బ్యాంజో అనేది నిజానికి బుల్‌బుల్ తరంగ్. చెక్కపెట్టె మీద తీగలు, వాటిపై టైప్‌రైటర్‌ను పోలిన మీటలు ఉంటాయి. దీని మూలం మాత్రం జపానే. 1912లో నగోయాకు చెందిన గోరో మొరితా తయారుచేసిన తైషోగోతో నుంచే ఇది వచ్చింది. అయితే తర్వాత భారత్‌లోనూ విస్తారంగా తయారైంది. కాబట్టి రూపం చూసి ‘జపాన్‌ది’ అనేయడం తొందరపాటే.

అసలు సాక్ష్యం లేబుల్. పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రాకముందుది కావచ్చు. ‘మద్రాస్’ అని ఉన్నంత మాత్రాన మురిసిపోనక్కర్లేదు, ఆ పేరు 1996 దాకా అధికారికంగానే ఉంది. అన్నిటికంటే ఆసక్తికరమైనది ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ ముద్ర. అది అమెరికా నేతృత్వంలోని సేనలు జపాన్‌ను పాలించిన రోజులది, అంటే యుద్ధం ముగిశాక వేసింది. అలాంటి వాయిద్యాన్ని జపాన్ సైనికుడు అండమాన్‌లో వదిలి వెళ్లే అవకాశమే లేదు.

అమెరికన్ బ్యాంజో అయితే వెనక్కి తిప్పి, చట్రం లోపల అడ్డంగా ఉండే కర్రను చూడాలి. ఎస్.ఎస్. స్టీవర్ట్, ఫెయిర్‌బ్యాంక్స్, వేగా వంటి పాత కంపెనీల పేరో, సీరియల్ నంబరో తరచూ అక్కడే దొరుకుతుంది. మెడ మీది పేరును మాత్రమే నమ్మకూడదు, మెడలు మారుస్తారు. నాలుగు తీగల గిబ్సన్‌కు అయిదు తీగల మెడ బిగించడం ఆ మార్కెట్‌లో మామూలే. యుద్ధానికి ముందు నాటి అసలైన గిబ్సన్ మాస్టర్‌టోన్‌లలో కొన్ని రకాలు పదుల వేల డాలర్లు పలుకుతాయి. మెడ మారితే ఆ ధర రాదు.

బుల్‌బుల్ తరంగ్‌కు అలాంటి ఆశ పెట్టుకోవద్దు. వయసు ఒక్కటే ధర తేదు. తయారీదారు, అరుదుతనం, అసలు భాగాలు, పనిచేసే స్థితి కలిస్తేనే విలువ. ఆన్‌లైన్‌లో అమ్మేవారు అడుగుతున్న ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. చూడాల్సింది రెండోదే. కొన్నప్పటి రసీదు, దాన్ని వాయిస్తున్న తాత పాత ఫొటో ఉంటే మాత్రం కుటుంబ కథకు బలం వస్తుంది.

ద్వీపాల ఉప్పుగాలికి తీగలు, స్క్రూలు తుప్పు పడతాయి, తేమకు జిగురు వదులుతుంది. అలాగని కొత్తగా వార్నిష్ వేయిస్తే లేబుల్, పాత పూత రెండూ పోతాయి. పొడిగుడ్డతో తుడిచి, తీగలు కాస్త వదులుచేసి, ముద్రలన్నీ ఫొటో తీయడం చాలు. తెల్లటి పొదుగులు ఏనుగు దంతమని తేలితే అమ్మకానికి పెట్టకూడదు, వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. వందేళ్లు దాటి, 1972 చట్టం కింద పురావస్తువుగా లెక్కకు వస్తే, విదేశీ కొనుగోలుదారు ఎంత ఇస్తానన్నా సొంతంగా దేశం దాటించడం నేరం.