నీడకు వెల

తెలుగునాట నీడ యనిన చల్లని మాట. సుఖముగా బ్రతుకువానిని నీడపట్టున ఉన్నాడందురు. బాటల ప్రక్కన చెట్లు నాటించుటను పుణ్యకార్యముగా నెంచుదురు. కాని నీడను నష్టముగా భావించి, దానిని కొలిచి, లెక్క వ్రాసి ప్రజల యెదుట పెట్టు నగరమొకటి కలదు. అది అమెరికా పడమటి తీరమందలి శాన్ ఫ్రాన్సిస్కో. సముద్రపు మంచును చలిగాలియు వేసవియందైనను వీడని ఆ యూరిలో ఎండయే భాగ్యము.

ఆ నగరపు నడిబొడ్డున 1939లో ఒక ప్రయాణ కేంద్రము వెలసెను. అఖాతముపై కట్టిన గొప్ప వంతెన మీదుగా వచ్చు రైళ్లు అచట ఆగెడివి. 1958లో ఆ రైళ్లు నిలిచిపోగా అది బస్సుల నిలయమయ్యెను. 1989 నాటి భూకంపములో చేరువనున్న ఎత్తైన రహదారులు దెబ్బతినెను. వానిని క్రమముగా తొలగించుటతో నగరమధ్యమున విలువైన నేల ఖాళీ పడినది. పాత కేంద్రమును 2010లో పడగొట్టి, బస్సులకును రైళ్లకును తగిన క్రొత్త కేంద్రమును కట్టుటకును, చుట్టునున్న పేటను పునర్నిర్మించుటకును నగర పాలకులు సంకల్పించిరి.

సంకల్పమునకు ధనము కావలెను. చుట్టుపట్ల భవనముల ఎత్తుపై గల పరిమితిని సడలించినచో నేల విలువ పెరుగును. ఆ నేలను అమ్మగా వచ్చిన సొమ్మును, మేడలు కట్టువారు చెల్లించు రుసుములును కేంద్రమునకు ఉపకరించును. పైగా రైలు దిగినవాడు నడచియే కచేరికి పోగలిగినచో కార్ల పొగయు తగ్గును. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే ఎత్తైన మేడకు పొడవైన నీడ తప్పదు.

కాలిఫోర్నియాలో 1970 నుండి ఒక చట్టము అమలులో నున్నది. పెద్ద పనులకు పూనుకొనుటకు ముందు వానివలన పరిసరములకు కలుగు హానిని ప్రభుత్వము విచారించి నివేదిక సిద్ధపరచవలెను. చిత్తుప్రతిని ప్రజలకు చూపి, వారి ఆక్షేపణలకు వ్రాతమూలకముగా బదులీయవలెను. హానిని తగ్గించు ఉపాయములను పరిశీలింపవలెను. ప్రైవేటు నిర్మాణములకు అనుమతి నిచ్చునపుడును ఈ విధి వర్తించునని ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1972లో తీర్పు చెప్పినది.

శాన్ ఫ్రాన్సిస్కో పౌరులు మరియొక అడుగు ముందుకు వేసి, 1984లో తమ వోటుతో ఒక శాసనము చేసికొనిరి. 40 అడుగులకు మించిన కట్టడము నగర ఉద్యానవనములపై చెప్పుకొనదగినంత నీడ పరచునట్లయిన దానికి అనుమతి నీయరాదు. సూర్యోదయమైన గంట తరువాత మొదలు సూర్యాస్తమయమునకు గంట ముందు వరకు గల ఎండకు ఆ శాసనము రక్ష.

అట్టి గంటలు ఏడాదికి 3,721 ఉండునని లెక్క. ఉద్యానవనపు వైశాల్యమును ఈ గంటలతో హెచ్చవేసిన, ఆ స్థలమునకు దక్కదగిన మొత్తము ఎండ తేలును. క్రొత్త మేడ అందులో ఎన్నవ వంతును హరించునో శాతములలో చెప్పుదురు. నగరమధ్యమందలి 14 ఉద్యానవనములకు ఇంతకు మించి నీడ పెరుగరాదని అధికారులు 1989లో హద్దులు ఏర్పరచిరి.

ప్రయాణ కేంద్రపు పేటను గూర్చిన తుది నివేదిక 2012లో ఆమోదము పొందినది. ఉద్యానవనములపై పడు నీడ గణనీయమైనదనియు, తప్పింపరానిదనియు అది దాపరికము లేకుండ ఒప్పుకొన్నది. అయినను అదే యేడాది పాలకులు ప్రణాళికను అంగీకరించిరి. కొన్ని ఉద్యానవనముల నీడ హద్దులను పెంచిరి. చట్టము హాని గల పనిని నిషేధింపదు. హాని కంటె మేలు అధికమని కారణములు చూపి వ్రాసినచో అనుమతింప వచ్చును.

హద్దు పెరిగిన వానిలో చైనీయుల పేటయందలి పోర్ట్స్‌మౌత్ స్క్వేర్ ఒకటి. ఇరుకు గదులలో కాలము గడపు వృద్ధులకు చిరకాలముగా అదియే ముంగిలి. చదరంగము, పేకాట, ఉదయపు వ్యాయామము, ఇరుగుపొరుగు ముచ్చట్లు అన్నియు అచటనే. దానికి అనుమతించిన క్రొత్త నీడ ఏడాది మొత్తమునకు నూటికి ఒక వంతు కంటె తక్కువ. కాని మేడలు దానికి ఆగ్నేయమున ఇంచుమించు ఒక కిలోమీటరు దూరమున నున్నవి. కనుక ఆ నీడ ఏడాది పొడుగునను సమముగా పడదు; సూర్యుడు తక్కువ ఎత్తున నుండు చలినెలల ఉదయములలోనే వచ్చి చేరును. చలి కాచుకొనుటకు వచ్చిన ముసలివానికి కావలసినది ఆ గంట ఎండయే గాని ఏడాది సగటు కాదు. శాతము అబద్ధమాడలేదు, అతని బల్లపై ఎప్పుడు చీకటి పడునో మాత్రము చెప్పలేదు.

2018లో 1,070 అడుగుల మేడ పూర్తియైనది. ఆ యేడాదియే ప్రయాణ కేంద్రమును తెరచిరి. దాని పైకప్పుపై 5.4 ఎకరముల ఉద్యానవనము నెలకొల్పిరి. కొన్ని వారములకే ఉక్కు దూలములలో పగుళ్లు కనబడుటచే మూసివేసి, 2019లో మరల తెరచిరి. బస్సులు వచ్చినవి. కాని రైళ్లకై నేలక్రింద నిర్మించిన చోటు ఇంకను ఎదురు చూచుచునే యున్నది. ఏ రైలు పేరు చెప్పి మేడలను ఆకాశమునకు ఎత్తిరో ఆ రైలు రాకమునుపే నీడ వచ్చి కూర్చున్నది.

అట్లని ఆ విచారణ వ్యర్థమనరాదు. నివేదిక లేకున్న ఎండ పోయినదన్న సంగతియే ఎవరికిని పట్టకపోవును. ఎంత పోవునో, ఎవరిది పోవునో, ఏ మేలు కొరకు పోవునో మేడ లేవకముందే వ్రాసి పెట్టుట వలన ఆ కాగితము అప్పుపత్రము వంటిదైనది. నగరము కొందరు వృద్ధుల ఉదయపు ఎండను తీసికొని, దానికి బదులుగా రైలు తెచ్చెదనని మాట యిచ్చినది. రైలు వచ్చువరకు ఆ బాకీ తీరదు.