కార్ల ఆటకి ఏడాదికో కొత్త అట్ట ఎందుకు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని వార్డెన్ మాస్టారు కబురు చేసినప్పుడు, పోటీ పరీక్షలకి ఎలా చదవాలో రాద్దామని ముందు అనుకున్నాం. అది ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మొన్నామధ్య ముదినేపల్లి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు ఇద్దరు మమ్మల్ని పట్టుకుని, "అన్నా, కార్ల గేము ప్రతి సంవత్సరం కొత్తది వస్తుంది కదా, కొన్నవాళ్ళే దాన్ని ఎందుకు తిడతారు? నచ్చకపోతే కొనడం మానెయ్యొచ్చుగా?" అని అడిగారు. అక్కడ నిలబడి సరిగ్గా చెప్పలేకపోయాం. కంప్యూటర్ పీజీ చదువుతూ, ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్ళం అనిపించుకుంటూ, అంత చిన్న ప్రశ్నకి తడబడ్డామే అని సిగ్గేసింది. అందుకే ఇది రాస్తున్నాం.

మేము హాస్టల్లో ఉన్నప్పుడు నెలనెలా వచ్చే కాస్మెటిక్ చార్జీల్లో సబ్బు, నూనె పోను మిగిలింది దాచుకుని, ఆదివారం నెట్ సెంటరుకి పోయేవాళ్ళం. అక్కడ ఒకటే ఆట, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్. 2005లో వచ్చిన ఆట అది. మేము ఆడేనాటికే దానికి పదేళ్ళు దాటాయి. అయినా పోలీసు కార్లు వెంటపడుతుంటే, తెలుపు నీలం బీఎండబ్ల్యూ తోలేవాడి వెనక నలుగురం నిలబడి అరిచేవాళ్ళం. కొత్తది లేదే అని మాలో ఎవరికీ బాధ లేదు. ఉన్న ఆట బాగుంటే చాలదా?

కంపెనీకి చాలదు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

నీడ్ ఫర్ స్పీడ్ మొదటి ఆట 1994లో వచ్చింది. తీసింది అమెరికాకి చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే కంపెనీ. మన హైదరాబాదులో కూడా వీళ్ళకి స్టూడియో ఉంది. 2002 నుంచి 2013 దాకా ఈ పేరుతో ఏ సంవత్సరమూ ఖాళీ పోకుండా ఆట వచ్చింది. అండర్‌గ్రౌండ్ 2003లో, దాని రెండో భాగం 2004లో, మోస్ట్ వాంటెడ్ 2005లో, కార్బన్ 2006లో, ప్రోస్ట్రీట్ 2007లో, అండర్‌కవర్ 2008లో. వీటిలో చాలావరకు కెనడాలోని బ్లాక్ బాక్స్ అనే ఒకే స్టూడియో మీద పడ్డాయి. ఒక ఆటకి బొమ్మలు గీయాలి, కారు బరువు, టైరు పట్టు, బ్రేకు లెక్కలు రాయాలి, తప్పులు వెతికి దిద్దాలి. ఇదంతా పన్నెండు నెలల్లో ముగించి, దసరా దీపావళి వెళ్ళి క్రిస్మస్ వచ్చేలోగా దుకాణంలో పెట్టాలి. మొదటి రెండు మూడు సంవత్సరాలు ఉత్సాహం మీద లాగేయొచ్చు. తర్వాత మనిషి అలసిపోతాడు, ఆటా అలసిపోతుంది. ప్రోస్ట్రీట్‌లో జనానికి ఇష్టమైన పోలీసుల వెంటాటే తీసేశారు. అండర్‌కవర్‌లో పోలీసులు తిరిగొచ్చారు గానీ, బొమ్మ కదలిక తడబడి ఆట ఆగి ఆగి నడిచింది. విమర్శకులు ఉతికి ఆరేశారు. ఆ తర్వాత కంపెనీ పనిని వేరువేరు జట్లకి పంచింది. బ్లాక్ బాక్స్ స్టూడియో 2013లో మూతపడింది.

తమ్ముళ్ళూ, దీన్ని మన చదువులతో పోల్చి చూడండి. పదో తరగతి గైడు ప్రతి జూన్‌లోనూ కొత్త అట్టతో వస్తుంది. సిలబస్ మారిన సంవత్సరం అది కొనడం న్యాయమే. సిలబస్ మారని సంవత్సరం లోపల పేజీలు అవే, నిరుడున్న అచ్చుతప్పులు కూడా అవే. సీనియర్ అన్న దగ్గర సగం ధరకి తీసుకుంటే మనకి సరిపోతుంది. కార్ల ఆట కొన్నవాడి కోపం కూడా సగం ఇలాంటిదే. వాడి బాధ కొత్తది వచ్చినందుకు కాదు. నిరుడు తను రాసి పంపిన తప్పు ఈ ఏడు ఆటలోనూ అలాగే ఉన్నందుకు.

ఏటేటా వచ్చే కార్ల ఆటల్లో ఇప్పుడు అందరికీ తెలిసింది ఎఫ్-వన్. ఫార్ములా వన్ పందేల అధికారిక ఆట ఇది. ఇంగ్లండులోని కోడ్‌మాస్టర్స్ వాళ్ళు తీస్తారు. 2010లో వచ్చిన ఆటతో ఈ వరస గట్టిగా నిలబడింది. 2021 ఫిబ్రవరిలో కోడ్‌మాస్టర్స్‌ని కూడా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దాదాపు 120 కోట్ల డాలర్లకి కొనేసింది. ఈ ఆటకి కొత్త సంచిక తీయడానికి ఒక సాకు ఉంది, నిజానికి సాకు కాదు, కారణమే. పంచాంగం ఎలాగైతే ఉగాదికి మారక తప్పదో, ఫార్ములా వన్ కూడా అంతే. ఏటా డ్రైవర్లు జట్లు మారతారు, కార్ల రంగులు మారతాయి, ట్రాకులు వస్తాయి, పోతాయి. గ్రేటర్ నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013లో మన ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగింది. ఆ మూడు సంవత్సరాల ఆటల్లోనూ ఆ ట్రాకు ఉంది. పందెం ఆగిపోయింది, మరుసటి ఆటలోంచి ట్రాకూ పోయింది. (హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగింది కదా, అది ఈ ఆటలో ఎందుకు లేదని ఒక తమ్ముడు అడిగాడు. అది ఫార్ములా ఈ, కరెంటు కార్ల పోటీ. రెండూ వేరు. 2024లో జరగాల్సిన రెండో పందెం ఎలాగూ రద్దయింది.)

మరి కారణం ఉన్నప్పుడు కోపం దేనికి? రంగులు, పేర్లు మారినంత సులువుగా లోపలి యంత్రం మారదు కాబట్టి. 2015లో కొత్త తరం కన్సోళ్ళ కోసం ఆటని మొదటినుంచీ కట్టుకొచ్చారు. సమయం చాలలేదు కాబోలు, అందరూ ఎక్కువగా ఆడే కెరీర్ మోడ్ లేకుండానే విడుదల చేశారు. ఒక కుర్ర డ్రైవరుగా చేరి ఏళ్ళ తరబడి ఎదిగే భాగం అది. ఇంటికి అన్నీ కట్టి వంటగది మరిచిపోయినట్టు. 2024 ఆటలో కారు నడిచే తీరుని కొత్తగా మార్చామని, ప్రపంచ ఛాంపియన్ మాక్స్ వెర్‌స్టాపెన్ సలహాలు కూడా తీసుకున్నామని చెప్పారు. తీరా ఆడితే, మలుపుల్లో కారు నమ్మశక్యం కానంతగా తిరిగిపోతోందని ఆటగాళ్ళు గోల పెట్టారు. విడుదలైన కొద్ది వారాల్లోనే ఆ లెక్కల్ని సవరించాల్సి వచ్చింది. మొదటి రోజే పూర్తి ధర పెట్టి కొన్నవాడు ఆ కొద్ది వారాలూ పరీక్షలు చేసే కూలీ లేని ఉద్యోగి అన్నమాట. ఆలస్యంగా కొన్నవాడికి తక్కువ ధరకి దిద్దిన ఆట దొరుకుతుంది. అభిమానం ఎక్కువ ఉన్నవాడికే దెబ్బ ఎక్కువ తగిలే వ్యాపారం ఇదొక్కటేనేమో.

మా సంగతీ చెప్పాలి. పీజీలో చేరాక నలుగురం డబ్బులు వేసుకుని ఒక కార్ల ఆట కొన్నాం, పేరు ఇక్కడ అనవసరం. నాలుగో వాడిది కైకలూరు పక్క ఊరు. వాడి వాటా, సెలవుల్లో రెండు రాత్రులు చేపల పట్టుబడికి వెళ్ళి, చలిలో వల లాగి తెచ్చుకున్న కూలి. ఆట బరువు తొంభై జీబీ. ఒక్కో ఫోనులో రోజుకి ఒకటిన్నర జీబీ, నాలుగు ఫోన్లకి ఆరు. పదిహేను రోజులు ఎవరమూ వీడియో చూడకుండా, పాట వినకుండా దించుకున్నాం. తెరిస్తే ఇంకో పెద్ద అప్‌డేట్ అడిగింది. అదీ అయ్యాక, మా సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మీద కారు ఎడ్లబండిలా నడిచింది. చిత్రాలన్నీ మసక చేసుకుని, ఎలాగో సర్దుకుని ఆన్‌లైన్ పందేలకి అలవాటు పడ్డాం. సరిగ్గా అప్పుడే కొత్త సంవత్సరం ఆట వచ్చింది. ఒక నెలలో మాతో పందెం కట్టేవాళ్ళంతా అటు వెళ్ళిపోయారు. గది తెరిచి కూర్చుంటే ఎదురు ఎవరూ రారు. నాలుగో వాడు ఏమీ అనలేదు. "ఇంకో రెండు రాత్రులు వల లాగితే కొత్తది కొనొచ్చు" అని నవ్వాడు. ఆ నవ్వు చూశాక మాకు ఆడబుద్ధి కాలేదు.

కొనడం మానెయ్యొచ్చుగా అని అడిగిన తమ్ముడికి జవాబు ఇక్కడ ఉంది. ఆన్‌లైన్ ఆటలో మనం కొనేది ఆటతోపాటు ఎదుటి మనుషుల్ని కూడా. తీర్థం జరిగే చోటికే జనం వెళ్తారు. సింగరాయపాలెం షష్ఠి అయిపోయిన మర్నాడు మనం ఒక్కళ్ళమే వెళ్ళి నిలబడితే రంగులరాట్నం తిరగదు కదా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. డబ్బు కట్టినా ఆట మన సొంతం కాదు. చేపల చెరువుల మధ్య పెరిగిన మనకి ఇది వేగంగా అర్థమవుతుంది. చెరువు రైతుది, లీజు మనది. ఎకరాకి ఇంతని కట్టి చేపపిల్లల్ని వదులుతాం, తవుడు వేస్తాం, గడువు అయ్యాక గట్టు దిగి వచ్చేస్తాం. ఆట కూడా అంతే, కంపెనీ మనకిచ్చేది ఆడుకునే అనుమతి మాత్రమే. తేడా ఏమిటంటే చెరువు లీజులో గడువు ముందే చెబుతారు, ఇక్కడ చెప్పరు. పైగా కంపెనీ కూడా ఇంకొకరి దగ్గర లీజుదారే. కారు పేరు, ఆకారం కార్ల కంపెనీలవి. పాటలు పాటల కంపెనీలవి. ఫార్ములా వన్ పేరు ఆ పోటీ వాళ్ళది. ఆ ఒప్పందాలు తీరగానే ఆటని అమ్మకం నుంచి తీసేస్తారు. మైక్రోసాఫ్ట్ వారి ఫోర్జా హొరైజన్ 4 వచ్చింది 2018లో, ఒప్పందాలు ముగిసి 2024 డిసెంబరు 15న దుకాణం నుంచి వెళ్ళిపోయింది. అయితే ముందు కొన్నవాళ్ళు దాన్ని ఆడుకోవచ్చు. మనం పైన చెప్పుకున్న కార్బన్, అండర్‌కవర్‌లతో కలిపి అయిదు నీడ్ ఫర్ స్పీడ్ ఆటల్ని 2021 మే నెలాఖరున అమ్మకం ఆపి, ఆగస్టు నెలాఖరున వాటి సర్వర్లు కూడా కట్టేశారు.

అన్నిటికంటే గట్టి దెబ్బ ది క్రూ. యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీది, 2014లో వచ్చిన కార్ల ఆట. ఒంటరిగా ఆడుకున్నా నెట్ ఉండి తీరాలి. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. దాంతో డబ్బు పెట్టి కొన్నవాడికి కూడా ఆట తెరుచుకోలేదు. అంతటితో ఊరుకోక, కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి అనుమతులు కూడా వెనక్కి తీసుకున్నారు. దాని మీదే రాస్ స్కాట్ అనే ఆయన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలుపెట్టారు. అమ్మిన ఆటని ఊరకే చంపకండి, ఆపేటప్పుడు కొన్నవాడు ఏదో రకంగా ఆడుకునే దారి వదలండి అన్నది కోరిక. యూరప్‌లో చట్టం కోసం పెట్టిన అర్జీకి 2025 జూలైలో పది లక్షల సంతకాలు దాటాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమలుచేసింది. మీరు కొంటున్నది సొంతానికి కాదు, అనుమతి మాత్రమే అని దుకాణం ముందే స్పష్టంగా చెప్పాలి. చెప్పడం వరకే, ఆపడానికి అడ్డు లేదు. అయినా, లీజు కాగితం మీద లీజు అని రాయించడం కూడా చిన్న పని కాదని మా ఉద్దేశం.

ఎఫ్-వన్ వరసలో కూడా ఒక మార్పు వచ్చింది. 2025 మే 30న ఎఫ్-వన్ 25 వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో కంపెనీ, 2026కి విడిగా కొత్త ఆట తీయమని, ఉన్న ఆటకే కొత్త కార్లు, జట్లు, నియమాలు డబ్బుకి అదనంగా చేరుస్తామని, పూర్తి కొత్త ఆట 2027లోనే అని ప్రకటించింది. కొత్త గైడు బదులు, మారిన పాఠాల వరకు అనుబంధం అమ్మడం లాంటిది ఇది. ఆటగాళ్ళు ఏళ్ళుగా అడిగింది కూడా దాదాపు ఇదే. అనుబంధం ధర ఎంత న్యాయంగా ఉందో, ఆ రెండేళ్ళ వ్యవధిలో పాత తప్పులు నిజంగా దిద్దారో లేదో 2027 ఆట చేతికి వచ్చాకే చెప్పగలం.

తమ్ముళ్ళు ఎవరైనా కొనాలనుకుంటే మూడు సంగతులు చూసుకోండి. నెట్ లేకుండా తెరుచుకుంటుందా, మన కంప్యూటరు మోయగలదా, విడుదలై కనీసం మూడు నాలుగు నెలలు అయిందా. మా నాలుగో వాడు మాత్రం ఇప్పుడు కొత్తవేవీ అడగడు. ఇంటికి వచ్చినప్పుడల్లా పాత నెట్ సెంటరుకే పోతాడు. అక్కడ ఆధార్ పనులకి, దరఖాస్తులకి వచ్చే జనమే ఎక్కువ. మూల కంప్యూటరులో మోస్ట్ వాంటెడ్ ఇంకా ఉంది. మొన్న మేమూ వెళ్ళాం, మా పేరుతో దాచిన ఆట ఎవరో చెరిపేశారు గానీ, కారు మాత్రం మొదటిసారికే స్టార్టయింది.