పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట

తల్లిదండ్రుల యండ లేని బాలబాలికలను కొందరిని బాలసదనములును, మరికొందరిని పెంపుడు కుటుంబములును సాకుచుండును. 18 ఏండ్లు నిండినంతనే వారు చట్టము దృష్టిలో పెద్దవారగుదురు. సదనమును వీడవలసిన దినము వచ్చును. కాని వయస్సు నిండినంత మాత్రమున బ్రదుకు నేర్పు కలుగదు. ఇల్లు గల పిల్లలు ఇరువదేండ్లు దాటినను, కష్టము వచ్చినపుడు తల్లి చెంతకు పోవుదురు. వీరు పోవుటకు ఇల్లేది?

ఈ కొఱతను తీర్చుటకే 2015 నాటి బాలల న్యాయ చట్టము అనంతర సంరక్షణమును ఏర్పఱచినది. సంస్థను వీడిన యువతీయువకులకు 21 ఏండ్ల వఱకు, ప్రత్యేక పరిస్థితులలో 23 ఏండ్ల వఱకు సహాయము లభింపవచ్చును. 2016 నాటి నిబంధనల ననుసరించి ఆరుగురు మొదలు ఎనమండుగురు వఱకు ఒక యింట కలిసి కొంతకాలము నివసింపవచ్చును. వృత్తి నేర్చు కాలమున భృతి, పై చదువులకు విద్యార్థి వేతనము, స్వంత పనికి ఋణము, మంచిచెడ్డలు తెలుపుటకు సలహాదారు – ఇవియు అందు గలవు. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నెలకు 4,000 రూపాయలను నిర్ణయించినవి.

మదనపల్లె పట్టుమగ్గములకును టమాటా మార్కెట్టుకును పేరొందినది. పుంగనూరు పొట్టి జాతి ఆవులకు ప్రసిద్ధి. కుప్పములో 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. కావున ఈ ప్రాంతపు యువకులు నేతపని గాని, పాడి గాని, పై చదువు గాని ఎన్నుకొనవచ్చును. అయినను పనిలో చేరిన నాడే జీతము చేతికి రాదు. నెల నిండువఱకు తినవలెను, గదికి అడ్వాన్సు చెల్లింపవలెను, వంటపాత్రలు కొనవలెను. ఆధార్ కార్డు, పాఠశాల పత్రములు, బ్యాంకు ఖాతా ముందే చేతనుండవలెను. వండుట, ఖర్చు వ్రాసికొనుట సదనముననే అలవడవలెను. కనుకనే వీడుటకు రెండు నెలల ముందు ప్రణాళిక సిద్ధము చేయవలెనని నిబంధన.

అడుగనిదే సహాయమందదు; తెలియనివారు అడుగలేరు. జిల్లా బాలల సంరక్షణ విభాగమున విచారింపవచ్చునని వారికి తెలుపుటయే గొప్ప మేలు.

ఇంగ్లండులో 2000 నాటి చట్టము ఇట్టి యువకులకు ఒక్కొక్క సలహాదారుని ఏర్పఱచినది. 2017 నాటి చట్టము ఆ తోడును 25 ఏండ్ల వఱకు పొడిగించినది. ధనముతోపాటు మనిషి తోడును అవసరమని దీనివలన తెలియుచున్నది. జ్వరము వచ్చిననాడు పలుకరించువారు, పండుగనాడు భోజనమునకు పిలుచువారు ఒక్కరున్నను ధైర్యము నిలుచును. చట్టము భృతి నీయగలదు. ఆ పిలుపు మాత్రము ఇరుగుపొరుగువారును, తోడి విద్యార్థులును ఈయవలసినదే.