బోయా వేయడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు

బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారనుందని వెలువడే ప్రతి హెచ్చరిక వెనుకా ఉపగ్రహ చిత్రాలూ కంప్యూటర్ లెక్కలూ ఉన్నట్లే, నడిసముద్రంలో ఉప్పునీట నానుతూ రాత్రింబవళ్లు కొలతలు పంపే పరికరాలు కూడా ఉంటాయి. నీటి ఉష్ణోగ్రతను ఉపగ్రహం పైపొరలో మాత్రమే కొలవగలదు. తుపానుకు బలమిచ్చే వేడి ఎంత లోతు వరకు పరుచుకుని ఉందో తెలియాలంటే పరికరం నీటిలోకి దిగక తప్పదు. ఆ కొలతలను గణిత నమూనాలో చేర్చి సముద్రపు నేటి స్థితిని దిద్దుకోవడాన్ని శాస్త్రవేత్తలు డేటా అసిమిలేషన్ అంటారు. ఇక్కడ దొర్లిన చిన్న పొరపాటు రోజులు గడిచేకొద్దీ పెరిగి, రేపటి అంచనాను పూర్తిగా తప్పుదారి పట్టించగలదు.

కొలతలు కొరవడితే ఏమవుతుందో 1982లో పసిఫిక్ మహాసముద్రంలో తెలిసివచ్చింది. భూమధ్యరేఖ వెంబడి మధ్య, తూర్పు పసిఫిక్ జలాలు అసాధారణంగా వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు. మన నైరుతి రుతుపవనాలు మొహం చాటేసిన సంవత్సరాలలో చాలా వాటికి దీనితో సంబంధం ఉంది. ఆ ఏడాది మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతం చిమ్మిన సూక్ష్మ కణాలు వాతావరణంలో పరుచుకోవడంతో ఉపగ్రహాలు సముద్రాన్ని ఉన్నదానికంటే చల్లగా చూపాయి. ఆ తప్పును పట్టుకోగల పరికరాలు నీటిలో తగినన్ని లేనందువల్ల, ఇరవయ్యో శతాబ్దపు అతి బలమైన ఎల్‌నినోలలో ఒకటి బాగా ముదిరేదాకా నిపుణులు దానిని పోల్చుకోలేకపోయారు. ఆ అనుభవం తర్వాత 1985 నుంచి 1994 వరకు సాగిన అంతర్జాతీయ కార్యక్రమం ముగిసేసరికి, సముద్రపు అడుగుకు లంగరు వేసిన బోయాలు సుమారు 70 ఆ ప్రాంతంలో బారులు తీరాయి.

అయితే అసలు పరీక్ష ఆ తర్వాతే ఎదురైంది. ఆ బోయాలలో అధిక భాగానికి మరమ్మతు చేసే అమెరికా నౌక 2012లో సేవ నుంచి తప్పుకోగా, ఆ పనికి తగినంత నౌకా సమయం దొరకక బోయాలు ఒక్కొక్కటే మూగబోయి, 2014 నాటికి అందవలసిన సమాచారంలో సుమారు 40 శాతమే అందే దుస్థితి వచ్చింది. విజ్ఞానానికి కొదవ లేదు, పరికరాల తయారీ తెలియక కాదు. వెళ్లి చూసుకునే నౌక లేదు, అంతే. ఆ ఏడాది జనవరిలో కాలిఫోర్నియాలోని లా హోయాలో శాస్త్రవేత్తలు సమావేశమై, ఒకే నౌక మీదనో ఒకే రకం పరికరం మీదనో భారమంతా మోపని కొత్త ఏర్పాటుకు రూపకల్పన ఆరంభించారు. శాస్త్రవేత్తలు సుస్థిర పరిశీలన వ్యవస్థ అనేది దీనినే. దానికి నిధులూ నిలకడగా అందాలి. పరిశోధన ప్రాజెక్టుకిచ్చే నిధులు కొన్నేళ్లకు ముగుస్తాయి గాని సముద్రాన్ని కనిపెట్టి ఉండే పనికి ముగింపు లేదు. కనుక కాలువల పూడికతీతకు కేటాయించినట్లే దీనికీ ఏటా తప్పనిసరిగా సొమ్ము కేటాయించవలసి ఉంటుంది.

భారాన్ని పంచుకోవడానికి మంచి ఉదాహరణ ఆర్గో అనే తేలే పరికరాల (ఫ్లోట్ల) సముదాయం. మనిషి ఎత్తు గొట్టంలా కనిపించే ఒక్కో ఫ్లోటు వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ, పది రోజులకొకసారి రెండు వేల మీటర్లకు దిగి, లోపలి నూనెను అడుగునున్న రబ్బరు తిత్తిలోకి పంపుతుంది. తిత్తి ఉబ్బగానే బరువు మారకుండానే పరిమాణం పెరిగి, ఫ్లోటు దారి పొడవునా ఉష్ణోగ్రతనూ లవణీయతనూ కొలుస్తూ పైకి తేలుతుంది. ప్రపంచమంతటా ఇలాంటివి సుమారు నాలుగు వేలు ఉన్నాయి. వాటి సమాచారం ఎవరికైనా ఉచితం. కానీ బ్యాటరీ కొన్నేళ్లకే అయిపోతుంది కనుక, ఆ సంఖ్య నిలవాలంటే ఏటా వందలాది కొత్తవి నీటిలో వదలక తప్పదు.

సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదులో 1999లో నెలకొన్న జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఉపగ్రహాలూ సముద్రంలోని పరికరాలూ పంపే సమాచారంతో అలల అంచనాలనూ చేపలు దొరికే చోట్ల వివరాలనూ మత్స్యకారులకు అందిస్తోంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికల బాధ్యత కూడా దానిదే. బంగాళాఖాతంలోని మన బోయాలను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చూసుకుంటుంది. వాటికి తుపానుల కంటే మొండిగా ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. తేలే బోయాకు నాచు పడుతుంది, ఆ నీడకు చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరుతాయి. చేపలున్న చోటికి బోట్లు వచ్చి బోయాకే తాడు కట్టి వేట సాగిస్తే, వలలు చుట్టుకుని సెన్సర్లూ కేబుళ్లూ తెగుతాయి. పూట గడవడానికి నడిసముద్రం దాకా వెళ్లిన మనిషిని నేరస్థుడిగా చూస్తే ఈ చిక్కు తీరదు. తాడు కట్టే ముందు ఆ పసుపుపచ్చ డబ్బా ఏమి చేస్తుందో అతనికి తెలియాలి. అందుకే తీర గ్రామాలలో మత్స్యకారులతో అవగాహన సమావేశాలు జరుపుతున్నారు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారైనా నౌక వెళ్లి బోయాను పైకెత్తి, అంటుకున్న గుల్లలు గీకి, సెన్సర్లూ బ్యాటరీలూ మార్చి, మళ్లీ అదే చోట లంగరు వేసి రావలసిందే.